పంటు మీద విప్పిన టర్బో

మా మరిది పోయి నెల కావస్తోంది. మధ్యాహ్నం భోజనం చేసి పడుకున్నాడు, మళ్ళీ లేవలేదు. మంచం పట్టకుండా, ఒకరి చేత చేయించుకోకుండా పోయాడని, అలాంటి చావు పుణ్యాత్ములకే వస్తుందని పరామర్శకి వచ్చినవాళ్ళందరూ అన్నారు. బాధ లేకుండా పోవడం మంచిదే. అందుకు దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను. పుణ్యం మాట మాత్రం నేను అనలేదు.

అతణ్ణి తలుచుకుంటే నాకు ముఖం కంటే ముందు తల వాలు గుర్తొస్తుంది. మనిషి సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. తల ఎప్పుడూ కుడివైపుకి కాస్త ఒరిగి ఉండేది, దూరాన్నుంచి ఎవరో పిలుస్తుంటే వింటున్నట్టు. పిలిచేది ఏదో ఒక బండి ఇంజనే. అన్నం తింటూ ముద్ద చేతిలో ఉండగానే ఆగి, "ఆ వెళ్ళే లారీకి బెల్టు వదులయ్యిందండి" అనేవాడు. పెరుగు వేసుకుంటారా అని రెండోసారి అడగాల్సి వచ్చేది.

తొంభైల్లో రొయ్యల చెరువులు కలిసొచ్చినప్పుడు మా వైపు చాలామంది మేడలు లేపారు. మా మరిది కారు కొన్నాడు. డీజిలు కారు, అదీ ఒకరు వాడి అమ్మినది. పెళ్ళిళ్ళకి అద్దెకి తిప్పే బండిలా ఉండేది చూడ్డానికి. కొన్న మర్నాటి నుంచీ దాన్ని విప్పడం మొదలుపెట్టాడు. అందులో టర్బో అని ఒకటి ఉంటుంది. అదేమిటో నాకు చెప్పింది కూడా అతనే, వంటింటి గడప మీద కూర్చుని, చేతికంటిన నల్లటి జిడ్డు ఊకతో తోముకుంటూ.

"పొయ్యి రాజుకోపోతే మీరేం చేస్తారండి వదినగారూ?"

"ఊదుగొట్టంతో ఊదుతాను."

"ఆయ్. గాలి తగిల్తే మంట లెగుస్తాది. ఇదీ అంతేనండి. ఇంజన్లోకి గాలి ఊదే గొట్టవే టర్బో అంటే."

"మరి ఊదేదెవరు?"

"అక్కడేనండి ఉంది తమాసా. ఇంజను బయటికి వదిలేసే పొగుంది చూడండి, ఆ పొగ ఓ చక్రాన్ని తిప్పుతాది. దాని ఇరుసుకే ఇటేపు ఇంకో చక్రం. ఇది తిరిగి గాలిని లోపలికి తోస్తాది. పారబోసీదాంతోనే పని చేయించుకోడం అన్నమాట."

నాకు ఆ మాట నచ్చింది. గంజి నీళ్ళు కూడా వృథాగా పారబోయని ఇంట్లో పెరిగినదాన్ని. బడికి వెళ్ళి చదువుకోలేదు. మా నాన్నగారు ఇంట్లోనే కూర్చోబెట్టి చదివించారు. ఏదైనా కొత్త సంగతి ఎవరైనా విడమరిచి చెబితే నాకు ఇప్పటికీ అది దానం పట్టినట్టే ఉంటుంది. మా మరిది దగ్గర అలాంటివి చాలా పట్టాను. అది కాదనను.

కారుతోపాటు వచ్చిన టర్బో అతనికి ఆనలేదు. పందేల కార్లు తయారుచేసేవాళ్ళు కోయంబత్తూరులో ఉన్నారని ఎవరో చెబితే కారేసుకుని వెళ్ళిపోయాడు. ఉన్నది తీయించి దానికంటే పెద్దది పెట్టించుకొచ్చాడు. పెద్దదానికి తగ్గట్టు డీజిలు ఎక్కువ పోయేలా పంపు బిగింపు మార్చారట. లోపలికి వెళ్ళే గాలిని చల్లార్చడానికి ముందు భాగంలో రేకుల పెట్టె ఒకటి వేశారట. ఇక వీధి మలుపులో ఉండగానే అతను వస్తున్నట్టు తెలిసిపోయేది. ఇంజను మోత మీద సన్నగా ఇంకో చప్పుడు, కుక్కరు కూయబోయే ముందు వచ్చే ఈల లాంటిది.

వచ్చాక వెంటనే కారు ఆపేవాడు కాదు. గేటు ముందు పెట్టి, ఇంజను నడుస్తూ ఉండగానే లోపల కూర్చునేవాడు. అంత వేగంగా తిరిగిన చక్రం నూనె మీద తేలుతూ ఉంటుందట. వేడి మీద ఇంజను ఆపేస్తే నూనె కూడా ఆగిపోతుందట.

"మూకుట్లో నూనె మాడ్డం చూళ్ళేదాండి మీరు? అలాగ మాడి మసయిపోయి చక్రం పట్టేస్తాదండి. కాసేపు ఊరికే తిరగనిచ్చి అప్పుడాపాలి."

అందుకని కాఫీ గేటు దగ్గరికే పట్టుకెళ్ళేదాన్ని. అద్దం దించి గ్లాసు అందుకునేవాడు. అత్తగారు అరుగు మీద ఒత్తులు చేసుకుంటూ అనేది, "పెళ్ళి చేసుకోరా అంటే తీరిక లేదంటావు. దాని దగ్గర మాత్రం ఇంతసేపు కూకుంటావు."

"ఇది నేను ఆపితే ఆగుతాదమ్మా. పెళ్ళావైతే ఆగుద్దా?"

అత్తగారు నవ్వేది. నేనూ నవ్వేదాన్ని. ఊరంతా ఈ పాఠం నేర్చుకుంది అతని దగ్గర. కొబ్బరి దింపే మనిషి దగ్గర్నుంచి పూజారిగారి దాకా ఎవర్నడిగినా చెప్పేవారు, చిన్నబాబుగారి కారు వేడి మీద ఆపకూడదని.

అందరి జేబులో పెన్ను ఉండే చోట అతని జేబులో చిన్న స్క్రూడ్రైవరు ఉండేది. కారు గురించి ఎవరు ఒక్క మాట అడిగినా చాలు, బానెట్టు లేచేది. టర్బో మూతికి ఒక రబ్బరు గొట్టం బిగించి ఉంటుంది. ఆ పట్టీ వదులు చేసి, గొట్టం పక్కకి లాగి, లోపల మెరుస్తున్న చక్రాన్ని వేలితో తిప్పి చూపించేవాడు. వెండి పువ్వులా ఉండేది. "చూసేరా. చూసేరా ఎంత తేలిగ్గా తిరుగుతుందో." ఎదుటివాళ్ళు, "ఆయ్, చాలా బాగుందండి" అనేవారు. మా వైపు ఎవరైనా అనేది అదే. కాటాకి వచ్చిన కొబ్బరికాయల్ని చూసినా అంటారు, పక్కింటి కోడల్ని చూసినా అంటారు. మా మరిదికి మాత్రం అది ప్రతిసారీ కొత్తగానే వినిపించేది. చెవుల దాకా నవ్వేవాడు.

చూపించే ముందు చక్రం చుట్టూ గుడ్డతో తుడిచేవాడు. ఆ గుడ్డలు నేను ఇచ్చినవే. "టెర్లిన్ పనికిరాదండి వదినగారూ, పాత నేత చీరేదైనా ఉంటే ఇప్పించండి" అని అడిగేవాడు. నీలం గళ్ళ చీర ఒకటి నా దగ్గర బాగా నలిగి మెత్తబడి ఉంటే చింపి ఇచ్చాను.

అప్పటికి యానాం దగ్గర వంతెన ఇంకా పూర్తికాలేదు. కాకినాడ వెళ్ళాలంటే గౌతమి మీద పంటు ఎక్కాలి. రెండు పడవలు జతగా కట్టి పైన బల్లలు పరిస్తే అది పంటు. మనుషులు, స్కూటర్లు, కార్లు, గేదెలు అన్నీ దాని మీదే. పంటు ఎక్కిన బండి ఏదైనా ఇంజను ఆపాలనేది రేవులో కట్టుబాటు. పంటు నడిపే సరంగుకీ మా మరిదికీ దీని మీద ఎప్పుడూ తగువే.

"ఇంజను ఆపెయ్యండి బాబూ."

"ఆపకూడదయ్యా. ఇది టర్బో."

"టర్బో అయినా టాక్టరయినా గోదారమ్మ మీదికొచ్చేక గొంతు మూసుకోవాలి బాబూ."

కొన్నాళ్ళకి సరంగే తగ్గాడు. మా కారు ఎక్కగానే చక్రాల కింద చెక్క దిమ్మలు తన్ని, "మీ టర్బోగారు అలిసిపోయొచ్చేరు, కాసేపు ఊపిరి తీసుకోనియ్యండి" అని వెళ్ళి చుక్కాని పట్టుకునేవాడు. నడివయసు మనిషి, నవ్వితే ముందు పళ్ళ మధ్య సందు కనిపించేది.

ఒక రోజు పొద్దున్న మావారు కొబ్బరి రాశి దగ్గర కూలీలతో మాట్లాడుతూ మాట మధ్యలో ఆగిపోయారు. నోరు ఒక పక్కకి వెళ్ళిపోయింది. కుడి చెయ్యి వేలాడిపోయింది. అమలాపురంలో డాక్టరుగారు చూసి, ఇక్కడ పెట్టుకోవద్దు, కాకినాడ తీసుకెళ్ళిపొండి, ఎంత తొందరగా వెళితే అంత మనిషి మిగులుతాడు అన్నారు. ఆ మాట అలాగే అన్నారు. ఎంత తొందరగా వెళితే అంత మనిషి.

వెనక సీట్లో నేను, నా ఒళ్ళో మావారి తల. మా మరిది నడిపాడు. ఆ ప్రయాణంలో ఆ భాగం గురించి నేను ఎప్పుడు తలుచుకున్నా చేతులు జోడిస్తాను. కాలువ గట్టు మలుపుల్లో, ఆరబోసిన ధాన్యం పక్క నుంచి, ఎదురొచ్చే బస్సుని తప్పించి, అంత వేగంలోనూ మావారి తల నా ఒళ్ళోంచి కదలలేదు. ఆ కారు అసలు ఎందుకు పుట్టిందో ఆ రోజు అర్థమైందనుకున్నాను. చేసిన ఖర్చూ, తిన్న తిట్లూ, పెద్ద టర్బో, కోయంబత్తూరు, అన్నీ ఈ పొద్దుటి కోసం దేవుడు చేయించి ఉంచాడనుకున్నాను.

రేవుకి వెళ్ళేసరికి పంటు అప్పుడే ఒడ్డు వదిలింది. సరంగు మమ్మల్ని చూసి వెనక్కి తెచ్చాడు. ఎక్కినవాళ్ళు సణుగుతుంటే, "లోపల మనిషి బాలేడు, కనపడతల్లేదా" అని కసిరాడు. బల్లలు వేయించి కారు ఎక్కించాడు. అద్దం దగ్గరికి వచ్చి లోపలికి చూశాడు.

"ఆపకండి బాబూ. ఇంజను అలా ఉంచీండి. దిగ్గానే ఎల్లిపోదురు గాని."

ఈ మాట నేను విన్నాను. నాకూ అతనికీ మధ్య అద్దం కూడా లేదు, దించి ఉంది.

పంటు మీద ముమ్మిడివరం వైపు చెరువుల ఆసామీ ఒకాయన తన కొత్త కారుతో ఉన్నాడు. ఆయన మా దగ్గరికి వచ్చి, మావారిని చూసి, అయ్యో అన్నాడు. తర్వాత మా మరిది వైపు తిరిగాడు.

"కోయంబత్తూర్లో పెద్దది పెట్టించేరంటగా. మావాళ్ళు ఒకటే చెప్పడం."

"ఆయ్, అవునండి."

"మా డ్రైవరు నమ్మట్లేదండి. ఇక్కడోళ్ళెవరు పెట్టిస్తారు, ఊరికే చెప్పుకుంటన్నారంటాడు."

ఇంజను ఆగిపోయింది. అప్పటిదాకా సీటులోంచి నా వెన్నుకి తగులుతున్న అదురు ఆగిపోయింది. నేను తలెత్తేసరికి అతను కారు దిగి ఉన్నాడు. బానెట్టు లేచి ముందు అద్దం మూసుకుపోయింది. గోదావరి కనిపించడం లేదు, అవతలి ఒడ్డు కనిపించడం లేదు. మాటలు మాత్రం వినిపిస్తున్నాయి. "చూసేరా. ఇటు రండి, ఇక్కణ్ణించి చూడండి."

"మరిదిగారూ" అన్నాను.

బానెట్టు పక్కనుంచి తల బయటికి పెట్టాడు. "ఒడ్డు రానీండి వదినగారూ. ఎలాగూ పంటు మీద మనం చేసీదేం లేదు కదండీ."

నిజమే, పంటు మీద చేసేది ఏమీ లేదు. అతను చేతులు ఊరికే ఉంచుకోలేని మనిషి. ఆ క్షణంలో భయంతోనే స్క్రూడ్రైవరు తీశాడేమోనని చాలాసార్లు అతని తరఫున నాకు నేనే చెప్పుకున్నాను. అన్నయ్య ముఖం చూడలేక చక్రం ముఖం చూశాడేమో. కావచ్చు. ఆ తప్పు నేను ఆ ఏడాదే వదిలేశాను. నేను రాస్తున్నది దాని గురించి కాదు.

ఒడ్డు దగ్గరపడింది. సరంగు దిమ్మలు తీయిస్తూ కేకేశాడు. మా మరిది గబగబా గొట్టం బిగించి, బానెట్టు దించి, ఎక్కి స్టార్టు చేశాడు. రేవు గట్టు ఎక్కాలంటే గట్టిగా తొక్కాలి. ఈల లేచింది. పైకి పైకి వెళ్ళి, రోట్లో గాజు పెంకులు వేసి దంచినట్టు చప్పుడైంది. వెనకంతా తెల్లటి పొగ. గట్టు మధ్యలో కారు నిలిచిపోయింది.

మా మరిది దిగి బానెట్టు ఎత్తాడు, దించాడు. మళ్ళీ ఎత్తాడు. సరంగు పంటు వదిలేసి, పంచె ఎగగట్టి, గట్టెక్కి రోడ్డు మీదికి పరుగెత్తాడు. బళ్ళ కోసం చేతులు ఊపుతూ అతను అటూ ఇటూ పరుగెత్తడం పక్క అద్దంలోంచి చూస్తూనే ఉన్నాను. ఎంతసేపటికో రొయ్యలకి ఐసు తోలే వ్యాను ఒకదాన్ని పట్టుకొచ్చాడు. మావారిని పొట్టు పరిచిన బల్ల మీద, ఐసు దిమ్మల పక్కన పడుకోబెట్టాం.

కాకినాడలో డాక్టర్లు ప్రాణం నిలబెట్టారు. కుడి పక్క నిలబెట్టలేకపోయారు. మాట నిలబెట్టలేకపోయారు. ఇంకాస్త ముందు వచ్చి ఉంటే అని ఒక పెద్ద డాక్టరు అని, నా ముఖం చూసి ఆపేశారు. పోయిందంతా పోగా నాకు మిగిలిన మనిషి కోసం ఆ దేవుడికి ఇప్పటికీ రుణపడే ఉన్నాను.

ఆసుపత్రి వరండాలోకి బంధువులు దిగారు. రాజోలు నుంచి మా బావగారు, అంటే మావారి పెద్దనాన్న కొడుకు, అందరి తరఫునా అడిగారు. "అంత పరుగెత్తే కారుకి ఏమొచ్చిందయ్యా?"

మా మరిది గోడకి ఆనుకుని ఉన్నాడు. తల ఒరిగే ఉంది.

"పంటు మీద ఇంజను ఆపించేడండి సరంగు. వేడి మీద ఆపేసరికి నూనె మాడి చక్రం పట్టేసింది."

కంగారులో అన్నాడనుకున్నాను. మర్నాడు ఇంకొకరు అడిగితే అదే చెప్పాడు. మూడోనాటికి ఆ మాట నున్నగా తయారైంది. "ఎంత చెప్పినా వినలేదండి, ఆపితేగాని వదల్నన్నాడు" అన్న ముక్క కూడా చేరింది. ఊళ్ళో అనుమానించిన వాళ్ళు లేరు. వేడి మీద ఆపితే ఏమవుతుందో అతనే కదా అందరికీ నేర్పాడు.

కారుని ట్రాక్టరుకి కట్టి ఇంటికి తెచ్చారు. అమలాపురం నుంచి మెకానిక్కు వచ్చి పెరట్లో టర్బో విప్పాడు. వెండి పువ్వు రేకులన్నీ విరిగి కొరికేసినట్టున్నాయి. వాటి మధ్య చిక్కుకున్న పీలికల్ని పట్టకారుతో ఒక్కొక్కటీ లాగి అరుగు మీద పెట్టాడు. నీలం గళ్ళు. మసి పట్టినా నా చీర నాకు తెలియదా.

"గుడ్డ మింగేసిందండి. గొట్టంలో వదిలేసి బిగించేసినట్టున్నారెవరో" అన్నాడు మెకానిక్కు.

మా మరిది ఆ పీలికలన్నీ ఏరి జేబులో పెట్టుకున్నాడు. తిరిగి చూస్తే గుమ్మంలో నేను.

"కాస్త కాఫీ ఇప్పిస్తారా వదినగారూ" అన్నాడు.

రేవుని వేలంలో పాడుకున్న పాటదారు సరంగుని పనిలోంచి తీసేశాడు. పెద్దింటి వాళ్ళకి అపకారం జరిగిందని రేవంతా అంటుంటే ఉంచుకోలేనన్నాడట. సరంగు మా ఇంటికి వచ్చాడు. మెట్ల కింద నిలబడ్డాడు, పైకి రమ్మన్నా రాలేదు.

"బాబూ, నేను ఆపమన్లేదని పాటదారుగారితో ఒక్క మాట సెప్పండి. అంతకన్నా ఏటీ వొద్దండి."

మా మరిది కుర్చీలోంచి లేచి, ఎదురెళ్ళి, ఎంతో మర్యాదగా మాట్లాడాడు. "అయ్యో, దానిదేవుందండి, మాట్లాడదాం. నీమీద నాకేం కోపం లేదయ్యా. జరగాలని రాసుంది, జరిగింది."

"కోపం సంగతి కాదు బాబూ. నేను ఉంచీమన్నాను గదండి."

నేను గుమ్మంలోంచి అన్నాను, "ఉంచమన్నారు మరిదిగారూ. నేను విన్నాను. ఆ మాట చెప్పేయండి."

అత్తగారు నా వైపు చూడకుండానే అంది. "లోపలికెళ్ళమ్మా. అక్కడ పెద్దాడు ఒక్కడూ ఉన్నాడు."

మా మరిది సరంగుకి మజ్జిగ ఇప్పించాడు. కొబ్బరికాయలు కట్టించి ఇచ్చాడు. చూద్దాంలే అన్నాడు. సరంగు కాయలు మెట్టు మీదే వదిలేసి వెళ్ళాడు.

నేనే ఆటో కట్టించుకుని పాటదారు ఇంటికి వెళ్ళాను. మా ఇంటి ఆడవాళ్ళు అలా వెళ్ళడం అదే మొదలు. ఆయన కంగారుగా లేచి, కుర్చీ తుడిపించి, కొబ్బరినీళ్ళు ఇప్పించాడు. నేను చెప్పిందంతా విన్నాడు. "ఆయ్. మీరు అబద్ధవాడతారాండి, మీ నోట అబద్ధం వస్తే గోదారి ఎండిపోదాండి. అలాగేనండి. ఒక్క పాలి చిన్నబాబుగారి చేత ఓ మాట అనిపించండి, రేపే పనిలో పెట్టీసుకుంటాను." గేటు దాకా వచ్చి ఆటో ఎక్కించాడు.

మా సీమలో మనిషిని ముంచాలంటే గోదారి అక్కర్లేదు, మర్యాద చాలు. నువ్వు చెప్పేది అబద్ధం అని ఎవరూ ఎవరితోనూ అనరు. ఇద్దరి మాటకీ ఆయ్ అంటారు. పెద్దింటి మగవాడి మాట మిగులుతుంది.

మా మరిది మళ్ళీ కోయంబత్తూరు వెళ్ళాడు. ఈసారి ఇంకా పెద్ద టర్బో పెట్టించాడు. గొట్టం మూతికి ఇత్తడి తీగతో చేసిన జల్లెడ ఒకటి అమర్పించుకొచ్చాడు, ఏదీ లోపలికి పోకుండా. ఇంజను ఆపినందుకు చెడిపోయిన దానికి జల్లెడ ఎందుకని ఊళ్ళో ఒక్కరూ అడగలేదు.

అన్నయ్యని మాత్రం బాగా చూసుకున్నాడు. అదీ రాయాలి. మంగలిని రానిచ్చేవాడు కాదు, వారం వారం తనే గడ్డం గీసేవాడు. గిన్నెలో వేడినీళ్ళు, భుజం మీద తువ్వాలు. ఇంజను ముట్టుకున్నంత మెత్తగా ఆ చెంపలు ముట్టుకునేవాడు. చూస్తుంటే నాకు కళ్ళు చెమర్చేవి. ఈ చేతులకి ఏమీ అనకూడదు అనుకునేదాన్ని.

అలా గడ్డం గీసే ఒక రోజున నీళ్ళు మార్చడానికి గిన్నె పట్టుకుని గది దాకా వచ్చాను. లోపల మాట వినిపించి ఆగాను.

"నేనే ఇప్పేనన్నయ్యా. సరంగు ఆపమన్లేదు. గుడ్డ నేనే మర్చిపోయేను గొట్టంలో."

మావారు మాట్లాడలేరు గాని అన్నీ అర్థమయ్యేవి. సబ్బు నురగ సగం చెంప మీద ఉంది. ఎడమ చేత్తో తమ్ముడి మణికట్టు పట్టుకున్నారు. కళ్ళతో గుమ్మం వైపు చూపించారు, మళ్ళీ తమ్ముణ్ణి చూశారు, మళ్ళీ గుమ్మం. బయటికి వెళ్ళి చెప్పు అని. అంతకంటే స్పష్టంగా నోరున్నవాళ్ళు కూడా చెప్పలేరు. మా మరిది తల తిప్పి గుమ్మంలో నన్ను చూశాడు.

"నీళ్ళు చల్లారిపోయాయంటున్నాడండి అన్నయ్య" అన్నాడు. లేచి నా చేతిలో గిన్నె అందుకున్నాడు.

"అది కాదు మీ అన్నయ్య అంటున్నది. మీకూ తెలుసు."

"పాపం, నోరు లేని మనిషి కదండీ. ఏవనుకుంటన్నాడో మనకేం తెలుస్తాది."

సగం గీసిన గడ్డం మిగతా సగం గీయబోతే మావారు ముఖం గోడ వైపు తిప్పేసుకున్నారు. ఎంత బతిమాలినా తిరగలేదు. ఆ వారం ఒక చెంప నున్నగా, ఒక చెంప మాసి ఉండిపోయింది. తర్వాత మంగలి వచ్చి గీశాడు, ఆ తర్వాత పోయేదాకా మంగలే. తమ్ముడి చెయ్యి మళ్ళీ ముఖం మీద పడనివ్వలేదు. మా మరిది వరండాలో కూర్చుని, "అన్నయ్యకి ఈ మధ్య చాదస్తం ఎక్కువైందండి" అని వచ్చినవాళ్ళకి చెప్పేవాడు.

విన్నది అత్తగారికి చెప్పాను. "నువ్వు విన్నావు. మేం వినలేదు" అంది. తప్పు చేశానని ఒప్పుకోవడం అతనికి రాక కాదు. వచ్చు. వినేవాడికి నోరు లేదని తేలాక ఒప్పుకున్నాడు.

మావారు పోయారు, అత్తగారు పోయింది, రొయ్యలకి తెగుళ్ళు వచ్చి చెరువులు పోయాయి, ఎవరో వచ్చి కారు కొనుక్కుపోయారు. పదిమందిలో అతను అనాల్సిన ఆ ఒక్క మాట కోసం నేను ప్రతి కార్తీకంలోనూ దీపం పెట్టాను. అతను అడిగితే కాఫీ ఇచ్చాను, జ్వరం వస్తే కషాయం ఇచ్చాను. పోయే ముందు రోజు కూడా వరండాలో కూర్చుని పేపరు చదువుకున్నాడు.

తలకొరివి మా అబ్బాయి పెట్టాడు. పెద్దకర్మ మా ఇంట్లోనే చేశాం. మొదటి బంతిలో రాజోలు బావగారు కూర్చున్నారు. పక్కనున్న కుర్రవాళ్ళకి చెబుతున్నారు. "అన్నగారి కోసం ప్రాణం పెట్టేడండి ఈ మారాజు. ఏరోప్లేనులా తోలేడు కారు. ఆ పంటోడు ఇంజను ఆపించకపోతే పెద్దాయన నిక్షేపంలా ఉండును."

నేను నెయ్యి వడ్డిస్తున్నాను. విస్తరి ముందు ఆగాను.

"సరంగు ఆపించలేదండి బావగారూ. ఆపకండి అన్నాడు. ఆపింది మా మరిదే. గొట్టం విప్పి చక్రం చూపించాడు, గుడ్డ అందులో వదిలేశాడు. ఆ సరంగు ఈ పూట ముమ్మిడివరం దగ్గర ఎవరి చెరువులకో కాపలా కాస్తున్నాడు. ఇప్పటికీ ఆయన్ని పెద్దింటాయన్ని పడగొట్టినవాడు అంటున్నారు."

బంతిలో చేతులు ఆగాయి. బావగారు నా వైపు ఎంతో జాలిగా చూశారు.

"ఆయ్. మీరన్నది నిజవేనమ్మా" అన్నారు. పక్కకి ఒంగి, నాకు వినిపించదనుకున్న గొంతుతో, "వరసగా చావులు కదండీ. మనసు బాలేదు పాపం" అన్నారు.

"మనసుకేం, బాగానే ఉందండి. చెవులు కూడా బాగానే ఉన్నాయి. మా మరిది ఒప్పుకున్నప్పుడు విన్నది వాటితోనే."

బావగారు విస్తట్లో బూరె తీసుకుని, బొటనవేలితో మధ్యలో గుంట చేసి, నెయ్యి పొయ్యమని నా వైపు పట్టారు.